టీడీఎస్ మీటరుకు దొరకని కల్మషం: బొగ్గు గ్యాస్ మీద అపోహలు - వాస్తవాలు

ఏలూరు చుట్టుపక్కల ఊళ్లలో బోరు నీళ్లు పరీక్ష చేయడం నా పని. "చింతలపూడి కింద బొగ్గుందిగా, తవ్వకుండానే గ్యాస్ తీయొచ్చటగా?" అని అడిగేవాళ్లు తగులుతూనే ఉంటారు. తీయొచ్చు. అయితే దాంతో నీళ్లు పాడయ్యే ముప్పుంది, పైగా చింతలపూడి మీదుగా వచ్చే తమ్మిలేరు చివరికి కలిసేది కొల్లేట్లోనే. కాబట్టి మెట్టవాళ్ల గొడవలే అని డెల్టావాళ్లు ఊరుకోవడానికి లేదు.

అపోహ: కోనసీమలో తీస్తున్న గ్యాస్ లాంటిదే ఇదీ.

కాదు. కోనసీమలో గ్యాస్ ఎప్పుడో తయారై ఉంది, బోరు వేసి పైకి తెస్తారంతే. ఇక్కడ భూమిలోనే తయారు చేయాలి. ఒక బోరులోంచి గాలో ఆక్సిజనో పంపి, బొగ్గు పొరకు నిప్పు పెట్టి, అరకొరగా కాలనిచ్చి, ఇంకో బోరులోంచి గ్యాస్ లాగుతారు. దాంతోపాటు తారు, బెంజీన్, ఫినాల్ లాంటి విష రసాయనాలు పుడతాయి. అందులో కొంత, బొగ్గు కాలిన చోట ఏర్పడే గుల్లలోనే ఉండిపోతుంది.

అపోహ: అంత లోతులో కాలితే మన బోర్లకేం కాదు.

లోతు ఒక్కటే కాపాడదు, అసలు కిటుకు ఒత్తిడిలో ఉంది. గుల్లలో ఒత్తిడి చుట్టూ ఉన్న నీటి ఒత్తిడికన్నా తక్కువుంటే నీళ్లు లోపలికి వస్తాయి. ఎక్కువైతే కల్మషం పగుళ్ల వెంట బయటికి తన్నుకొస్తుంది. పది మీటర్ల నీరంటే సుమారు ఒక బార్ ఒత్తిడి. ఆయిల్ పామ్ తోటల బోర్లు తోడి తోడి, బొగ్గు పొర దగ్గరి నీటిమట్టం 30 మీటర్లు దిగిందనుకోండి, మూడు బార్ల రక్షణ పోయినట్టే. ఆస్ట్రేలియాలోని చించిల్లాలో ఇలాగే గ్యాస్ తీసిన లింక్ ఎనర్జీ అనే కంపెనీ ఒత్తిడి ఎక్కువ పెట్టి రాయిని పగలగొట్టింది. 2018లో కోర్టు 45 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది. కంపెనీ అప్పటికే మూతపడింది, ఇంక కట్టేదెవరు?

అపోహ: మంట ఆర్పేస్తే గొడవ వదిలిపోతుంది.

ఆరాకే నీళ్లు గుల్లలోకి నిండుతాయి, ఫినాల్ వాటిలో కరుగుతుంది. అమెరికాలో హో క్రీక్ అనే చోట ఈ గ్యాస్ ప్రయోగాలు 1970లలోనే ముగిసినా, భూగర్భజలంలో చేరిన బెంజీన్‌ను శుభ్రం చేసే పని ఏళ్ల తరబడి సాగింది.

అపోహ: టీడీఎస్ మీటరు పెడితే తెలిసిపోతుంది.

నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. ఆ మీటరు నీళ్లలో కరెంటు ఎంత పారుతుందో చూసి ఉప్పుల లెక్క చెబుతుంది. బెంజీన్ ఉప్పు కాదు, మీటరుకు అంతుపట్టదు. తాగే నీళ్లలో బెంజీన్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 0.01 మిల్లీగ్రాము. ముక్కుకు వాసన తగిలేసరికి ఆ హద్దు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. మొన్న ఒక పెద్దాయన పెట్రోల్ బంకు పక్కనున్న తన బావి నీళ్లు కూల్‌డ్రింక్ సీసాలో సగానికి పట్టుకొచ్చి, "బెంజీన్ ఉందేమో చూడు బాబూ" అన్నారు. "ఉన్నా, ఆ సగం ఖాళీలోకి ఎగిరిపోయి ఉంటుందండీ" అన్నాను. 40 మిల్లీలీటర్ల గాజు సీసా పొర్లేదాకా నింపి, మూత బిగించి, తలకిందులు చేసి బుడగ లేదని చూసుకుని, ఐసు పెట్టెలో పెట్టి తేవాలి. ఆయన సీసాలో నీళ్లు మా గుమ్మంలోని మందార మొదట్లో పారబోసి, రెండు గాజు సీసాలు జేబులో వేసుకెళ్లారు.