గోటి ఫంగస్: రీల్స్‌లో పది రోజులు, గోటికి పద్దెనిమిది నెలలు

పసుపుపచ్చగా మారి, మందమెక్కి, అంచున పొడిపొడిగా రాలుతున్న కాలి బొటనవేలి గోరు. దాన్ని వెనిగర్‌లో ముంచుతారు, పైన ఏవో నూనె చుక్కలు వేస్తారు. కాసేపు సంగీతం. ఆ తర్వాత నున్నటి గులాబి రంగు గోరు ప్రత్యక్షం. 'పది రోజుల్లో ఫలితం' అని కింద రాసి ఉంటుంది. చర్మవ్యాధుల వైద్యంలో ఉన్న మాలాంటివాళ్లకు ఆ వీడియోను నమ్మకూడదని తెలియడానికి మందు పేరు కూడా అక్కర్లేదు, ఆ 'పది రోజులు' చాలు.

కాలి బొటనవేలి గోరు నెలకు సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లు పెరుగుతుంది. మొదలు నుంచి కొస దాకా పూర్తిగా కొత్తది రావడానికి 12 నుంచి 18 నెలలు పడుతుంది. చేతి గోళ్లు దీనికి రెట్టింపు వేగంతో పెరుగుతాయి కాబట్టి వాటికి ఆరు నెలలు చాలు. ఫంగస్ తినేసిన గోరు మళ్లీ బాగుపడదు. మొదట్లోంచి వచ్చే కొత్త గోరు దాన్ని ముందుకు నెట్టాలి, మనం కత్తిరించి పారేయాలి. ఎంత గొప్ప మందు వాడినా పది రోజుల్లో కనిపించగలిగే కొత్త గోరు అర మిల్లీమీటరు. మరి వీడియోలో ఏం జరిగినట్టు? పైపొరను అరగదీసి ఉండవచ్చు, పాలిష్ వేసి ఉండవచ్చు, అసలు అది వేరే కాలే కావచ్చు. హైడ్రోజన్ పెరాక్సైడ్ రాస్తే రంగు తేలుతుంది, నూనె రాస్తే పొడిబారిన తెల్లదనం కాసేపు మాయమవుతుంది. ఫంగస్ మాత్రం గోటి కింద క్షేమంగానే ఉంటుంది.

అపోహ: గోరు మందమై పసుపుపచ్చగా మారిందంటే ఫంగసే. చూస్తే చాలు, తెలిసిపోతుంది.

నన్నడిగితే మిగతా తప్పులన్నీ ఇక్కడి నుంచే మొదలవుతాయి. రూపం చెడిన గోళ్లలో ఫంగస్ వాటా దాదాపు సగమే. సోరియాసిస్‌లోనూ గోరు మందమవుతుంది, కింద పొడి చేరుతుంది. కాకపోతే చాలాసార్లు పైన సూదితో పొడిచినట్టు చిన్న చిన్న గుంటలు కూడా ఉంటాయి. బిగుతు బూట్లలో రోజూ దెబ్బ తగిలే గోరు, వయసుతో ముదిరిన గోరు, లైకెన్ ప్లానస్ అనే చర్మవ్యాధి వచ్చిన గోరు, అన్నీ ఒకదాన్ని ఒకటి పోలి ఉంటాయి. ఆకుపచ్చగా మారితే అది ఎక్కువగా సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా పని. పైగా ఒకే గోటికి సోరియాసిస్, ఫంగస్ రెండూ ఉండవచ్చు. కంటికి కనిపించినదాన్ని బట్టి తేల్చేయడం అనుభవం ఉన్న వైద్యులకే కష్టం.

అందుకే పరీక్ష. ఊడిపోయిన గోటిని వెనక్కి కత్తిరించి, ఆరోగ్యంగా ఉన్న భాగానికి వీలైనంత దగ్గరగా, గోటి అడుగు నుంచి పొడిని గీకి తీస్తాం. దాని మీద పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం వేస్తే గోటి కణాలు కరిగిపోతాయి, ఫంగస్ పోగులు మిగులుతాయి. సూక్ష్మదర్శినిలో అవి కొమ్మలు చాచిన సన్నని దారాల్లా కనిపిస్తాయి. ఏ జాతి ఫంగసో తేల్చాలంటే కల్చర్ చేయాలి, అంటే నమూనాలోని ఫంగస్‌ను ల్యాబ్‌లో పెంచి చూడాలి, దానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. ఎక్కువసార్లు దొరికేది ట్రైకోఫైటాన్ రూబ్రమ్. నమూనా తీయడంలోనే సగం పనితనం ఉంది. గోటి కొసను ముక్క కోసి పంపితే అందులో చచ్చిన ఫంగసే ఉండి, కల్చర్‌లో ఏమీ పెరగకపోవచ్చు. కాబట్టి ఒకసారి 'లేదు' అని వచ్చినా, అనుమానం బలంగా ఉంటే మళ్లీ చేయిస్తాం. నిర్ధారణ లేకుండా గోటి ఫంగస్‌కు మాత్రలు రాయవద్దని అమెరికాలోని చర్మవైద్యుల సంఘం అమెరికన్ అకాడమీ ఆఫ్ డెర్మటాలజీ 2013లోనే సూచించింది. వైద్యులు చేసే వీడియోల్లోనూ ఈ పరీక్ష మాట అరుదుగా వినిపిస్తుంది. నిమిషం వీడియోలో ముందు కోతపడేది దానికే కాబోలు.

అపోహ: టీ ట్రీ ఆయిల్, విక్స్ లాంటివి మందులతో సమానమని పరిశోధనలే చెప్పాయి.

పరిశోధనలు ఉన్న మాట నిజం. 1994లో వచ్చిన ఒక అధ్యయనంలో 117 మందిలో కొందరికి టీ ట్రీ ఆయిల్, కొందరికి క్లోట్రిమజోల్ ఆరు నెలలు రాయించారు. కల్చర్‌లో ఫంగస్ పోయినట్టు తేలింది నూనె వాడినవారిలో 18 శాతానికి, క్లోట్రిమజోల్ వాడినవారిలో 11 శాతానికి. 'మందుతో సమానం' అన్న ప్రచారానికి మూలం ఇలాంటి అంకెలే. కానీ క్లోట్రిమజోల్ చర్మానికి వాడే మందు, గట్టి గోరు దాటి లోపలికి వెళ్లడం దాని వల్ల కాదు. ఇద్దరూ తప్పిన పరీక్షలో సమాన మార్కులు వచ్చాయని సంబరపడటం లాంటిది ఇది. విక్స్ వేపోరబ్ మీద 2011లో వచ్చిన అధ్యయనంలో ఉన్నది 18 మంది. 48 వారాల తర్వాత పూర్తిగా నయమైనవారు ఐదుగురు. పోల్చి చూడటానికి మందు వాడని బృందం లేదు. రాసుకుంటే పెద్దగా నష్టం లేదు, అంతకు మించి నేను హామీ ఇవ్వను.

బ్లీచ్, గాఢమైన వెనిగర్, పెరాక్సైడ్ సంగతి వేరు. అవి గోటి కంటే ముందు చుట్టూ ఉన్న చర్మాన్ని కాలుస్తాయి. మధుమేహంతో పాదాల స్పర్శ తగ్గినవారికి ఆ కాలిన సంగతి కూడా తెలియదు, పుండు పడ్డాకే తెలుస్తుంది.

అపోహ: ఫంగస్ మాత్రలు వేసుకుంటే కాలేయం పోతుంది.

ఈ భయానికి కొంత ఆధారం ఉంది. కీటోకోనజోల్ మాత్రలు తీవ్రమైన కాలేయ హాని చేయగలవని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2013లో హెచ్చరించింది. చర్మం, గోళ్ల ఫంగస్‌కు వాటిని వాడవద్దని 2016లో మరోసారి గట్టిగా చెప్పింది. ఇప్పుడు గోళ్లకు సాధారణంగా ఇచ్చేది టెర్బినాఫిన్, రోజుకు 250 మిల్లీగ్రాములు. చేతి గోళ్లకు ఆరు వారాలు, కాలి గోళ్లకు పన్నెండు. దీనితో కాలేయ హాని అరుదు, అసలు లేకపోలేదు. అందుకే ముందు రక్తపరీక్ష చేయిస్తాం, దీర్ఘకాలిక కాలేయ వ్యాధి ఉన్నవారికి ఇవ్వం. మధ్యలో మూత్రం ముదురు రంగులోకి మారినా, కళ్లు పచ్చబడినా, ఆకలి చచ్చిపోయినా మాత్ర ఆపి వెంటనే రావాలి. నాలుకకు రుచి తెలియకపోవడం కూడా కొందరిలో ఉంటుంది. ఇట్రాకోనజోల్ అనే మరో ఫంగస్ మందు అయితే గుండె వైఫల్యం ఉన్నవారికి పనికిరాదు, చాలా మందులతో దానికి పడదు. వీడియో చూసి సొంతంగా కొనుక్కునేవారిని ఇవి అడిగేదెవరు?

ఫలితం గురించి కూడా ఉన్నదున్నట్టు చెప్పాలి. టెర్బినాఫిన్ అనుమతి పత్రంలోని లెక్కల ప్రకారం కాలి గోళ్లలో ఫంగస్ పోయింది సుమారు 70 శాతం మందికి. ఫంగస్ పోయి, గోరు కూడా పూర్తిగా మామూలుగా మారింది 38 శాతానికే. 48 వారాలు రోజూ రాసే ఎఫినాకోనజోల్ ద్రావణంతో ఆ రెండో అంకె 15 నుంచి 18 శాతం. 'నూరు శాతం గ్యారంటీ' అన్న మాట వినగానే వీడియో మార్చేయవచ్చు.

అపోహ: మూడు నెలలు మాత్రలు మింగినా గోరు అలాగే ఉంది, మందు పనిచేయలేదు.

మందు ఆపాక కూడా టెర్బినాఫిన్ గోటిలో నెలల తరబడి నిలిచి ఉంటుంది. అది పనిచేస్తోందో లేదో చూడటానికి మంచి గోరు, చెడ్డ గోరు కలిసేచోట చిన్న ఆకురాయితో అడ్డంగా సన్నని గీత గీస్తాం. రెండు నెలల తర్వాత ఆ గీత ముందుకు జరిగి, దాని వెనక వచ్చింది శుభ్రమైన గోరే అయితే మందు పనిచేస్తున్నట్టే. చెడు భాగం గీతను దాటి వెనక్కి పాకితే మరో మార్గం చూడాలి.

అపోహ: లేజర్‌తో ఒక్కసారిలో పోతుంది.

ఎఫ్‌డీఏ ఈ లేజర్లకు అనుమతి ఇచ్చింది 'శుభ్రంగా కనిపించే గోరు తాత్కాలికంగా పెరగడం' కోసం. నయం చేస్తుందని కాదు.

అపోహ: శుభ్రత లేనివారికే వస్తుంది.

వయసు, మధుమేహం, కాళ్లకు రక్తప్రసరణ తగ్గడం, కుటుంబ వారసత్వం, రోజంతా చెమట పట్టే బూట్లు. వీటికి శుభ్రతతో సంబంధం తక్కువ. వేళ్ల సందుల్లో పొట్టు రాలుతూ దురద పెట్టే ఫంగస్ ఉంటే దానికీ వైద్యం చేయాలి. అది మిగిలిపోతే గోటికి మళ్లీ సోకుతుంది.

అపోహ: గోరు నల్లబడిందంటే ఫంగస్ బాగా ముదిరినట్టు.

నలుపు చాలాసార్లు దెబ్బ తగిలి గోటి కింద గడ్డకట్టిన రక్తం, అది గోటితోపాటు ముందుకు జరిగిపోతుంది. అరుదుగా ఫంగస్ వల్ల కూడా నలుపు రావచ్చు. కానీ ఒకే గోటిలో మొదలు నుంచి కొస దాకా నల్లటి చార వచ్చి, అది వెడల్పవుతున్నా, నలుపు గోటి మొదట్లోని చర్మానికి పాకినా మెలనోమా అనే క్యాన్సర్ కాదని తేల్చుకోవాలి. దానికి బయాప్సీ, అంటే చిన్న ముక్క తీసి పరీక్షించడం, అవసరం కావచ్చు. గోరు పెరిగేదాకా ఆగి చూద్దామన్న మాట ఈ ఒక్క విషయంలో పనికిరాదు, అదే వారం చూపించుకోండి.