బీసీడీ సైజు, ఫిట్టింగ్: డైవింగ్‌లో వినిపించే అపోహలు - వాస్తవాలు

డైవింగ్ నేర్చుకోవడానికి వచ్చేవాళ్లు రెగ్యులేటర్ (సిలిండర్ గాలిని నోటికి అందించే పరికరం) గురించి, డైవ్ కంప్యూటర్ (లోతు, సమయం చూపించే పరికరం) గురించి గంటల కొద్దీ అడుగుతారు. బీసీడీ, అంటే గాలి నింపుతూ వదులుతూ నీళ్లలో మన తేలడాన్ని అదుపులో పెట్టుకునే ఆ జాకెట్, దాని దగ్గరికి వచ్చేసరికి మాత్రం "నాది ఎల్ సైజండీ" అని ఒక్క మాటతో తేల్చేస్తారు. నీళ్లలో అది చెవుల దాకా ఎగబాకినప్పుడు మొదలవుతుంది అసలు టెన్షన్.

అపోహ: చొక్కా సైజే బీసీడీ సైజు.

కాదు. ఒక కంపెనీ ఎమ్ ఇంకో కంపెనీకి ఎల్ అవుతుంది, పైగా ఛాతీ కొలత ఒక్కటే చూస్తే సరిపోదు, భుజం నుంచి నడుం దాకా ఉన్న పొడవు కూడా అంతే ముఖ్యం. డైవ్‌లో ఏ వెట్‌సూట్ (చలి ఆపే రబ్బరు సూట్) వేసుకుంటారో అదే వేసుకుని చూడండి, 3 మిల్లీమీటర్ల సూట్ మీద సరిపోయింది 7 మిల్లీమీటర్ల సూట్ మీద బిగుసుకుపోతుంది. సిలిండర్ తగిలించి, పట్టీలన్నీ బిగించి, ఇన్‌ఫ్లేటర్ గొట్టంలో, అంటే జాకెట్‌లో గాలి నింపే గొట్టంలో, నోటితో ఊదుతూ వెళ్లండి, ఇక పట్టక వాల్వ్ దానంతటదే గాలి వదిలేదాకా. ఇప్పుడు గుండెల నిండా ఊపిరి పీల్చండి. పక్కటెముకల దగ్గర నొక్కేస్తుంటే అది మీకు చిన్నది. తర్వాత ఎవరినైనా భుజం పట్టీలు పట్టుకుని పైకి లాగమనండి, జాకెట్ మొత్తం లేచి గడ్డానికి తగులుతుంటే పెద్దది. పట్టీలు చివరిదాకా లాగినా ఇంకా వదులుగానే ఉన్నాయంటే అది కూడా పెద్దదే. నడుం పక్కకి తిప్పి చూడండి, సిలిండర్ మీతోపాటే తిరగాలి గానీ ఒక క్షణం ఆగి వెనకాల రాకూడదు. తల పైకెత్తితే రెగ్యులేటర్‌కి ఠంగుమని కొట్టుకోకూడదు. షాపులో ఖాళీ జాకెట్ తొడుక్కుని అద్దంలో చూసుకుంటే ఇవేవీ తెలియవు.

అపోహ: కాస్త వదులుగా ఉంటేనే హాయి.

ఒడ్డు మీద హాయే. 10 మీటర్ల లోతులో ఒత్తిడి ఉపరితలం మీద ఉన్నదానికి రెట్టింపు అవుతుంది, వెట్‌సూట్‌లోని గాలి బుడగలు నలిగి సూట్ పల్చబడుతుంది. పైన సరిగ్గా ఉన్న నడుం పట్టీ కింద వదులైపోతుంది, మరి పైనే వదులుగా ఉన్నదాని సంగతి చెప్పాలా? అందుకే పట్టీని ఇంకొంచెం బిగించుకునే చోటు మిగిలి ఉందో లేదో చూసుకుని కొనండి, దిగాక ఒకసారి సరిచేసుకోండి.

అపోహ: ఎంత ఎక్కువ లిఫ్ట్ (జాకెట్ తేల్చగలిగే బరువు) ఉంటే అంత సేఫ్.

దీని మీద నాకు కొంచెం కోపం కూడా ఉంది, ఎందుకంటే చాలామందికి సమస్య లిఫ్ట్ తక్కువ కావడం కాదు, మునగడానికి నడుముకి కట్టుకునే సీసం బరువులు ఎక్కువ కావడం. లెక్క చూడండి. 12 లీటర్ల సిలిండర్‌లో 200 బార్ (ఒత్తిడి కొలత) గాలి అంటే 2400 లీటర్లు, బరువు దాదాపు 3 కిలోలు. డైవ్ సాగేకొద్దీ ఆ బరువు తగ్గుతూ వస్తుంది, లోతుకి వెళ్లేకొద్దీ సూట్ తేలే శక్తి తగ్గుతుంది, ప్రధానంగా ఈ రెండిటినీ సరిచేయడానికే బీసీడీ. పల్చటి సూట్, ఒకే సిలిండర్ అయితే 12-15 కిలోల లిఫ్ట్ మామూలుగా చాలు. అవసరానికి మించి సీసం కట్టుకుంటే దాన్ని మోయడానికి జాకెట్‌లో గాలి నింపాలి, ఆ గాలి మీరు మీటరు పైకి జరిగితే ఉబ్బుతుంది, కిందికి జరిగితే నలుగుతుంది, ఇక డైవ్ అంతా బటన్లతో కుస్తీయే. ముందు బరువు సరిచూసుకోండి: డైవ్ చివర్లో 50 బార్ మిగిలి, 5 మీటర్ల దగ్గర, జాకెట్ దాదాపు ఖాళీగా ఉండగా తేలకుండా మునగకుండా నిలబడగలగాలి. అప్పుడు తెలుస్తుంది మీకు ఎంత లిఫ్ట్ కావాలో.

మెత్తటి స్పాంజి దట్టించిన జాకెట్లతోనూ ఇదే తంటా. షాపులో భుజాలకి బాగుంటాయి, నీళ్లలో ఆ స్పాంజి తేలుతుంది, దాన్ని ముంచడానికి మళ్లీ సీసం.

అపోహ: బీసీడీ ఉంటే లైఫ్ జాకెట్ ఉన్నట్టే.

అస్సలు కాదు. స్పృహ తప్పిన మనిషిని వెల్లకిలా తిప్పి ముఖం నీళ్లపైన ఉంచుతుందనే హామీ బీసీడీ ఇవ్వదు. ఇది లైఫ్ జాకెట్ కాదని చాలా జాకెట్ల మీద రాసే ఉంటుంది, ఎవరూ చదవరు. అలాగే ఇన్‌ఫ్లేటర్ బటన్, నొక్కగానే పైకి తీసుకెళ్లే అపార్ట్‌మెంట్ లిఫ్టు బటన్ కాదు. పైకి రావడం ఫిన్స్‌తో (కాళ్లకి తొడుక్కునే రెక్కలతో), నెమ్మదిగా, దారి పొడవునా గాలి వదులుతూ.

అపోహ: వెనకవైపు గాలి నిండే వింగ్ రకం అయితే ఉపరితలం మీద ముఖం నీళ్లలోకి తోసేస్తుంది.

బాగా ఉబ్బించేసి, బరువంతా ముందువైపు పెట్టుకుంటే తోస్తుంది, నిజమే. తల నీళ్లపైన ఉండేంత గాలి మాత్రమే నింపి, కొంత సీసం వెనక్కి సర్ది, కాస్త వెనక్కి వాలండి, చాలావరకు పోతుంది. నీళ్లలో అడ్డంగా పడుకుని ఈదడానికి నా ఓటు ఈ రకానికే. కొత్తవాళ్లకి మామూలు జాకెట్ రకం పైన తేలేటప్పుడు ధైర్యంగా అనిపిస్తుంది, అదీ తప్పేం కాదు.

ఆడవాళ్ల మోడళ్లు రంగు మార్చి అమ్మేవే అనే మాట కూడా వింటుంటాను. కొన్ని అంతే, కానీ మంచివాటిలో వెన్ను పొడవు తక్కువగా, భుజం పట్టీలు ఛాతీ పక్కనుంచి వంపు తిరిగి ఉంటాయి. పొట్టిగా, సన్నగా ఉన్న మగవాళ్లకి కూడా ఒక్కోసారి అవే సరిపోతాయి, సిగ్గుపడకుండా వేసుకుని చూడండి.

చివరగా, నీళ్లలో జాకెట్ ఊగుతోందనో తల సిలిండర్ వాల్వ్‌కి తగులుతోందనో వెంటనే సైజు మార్చేయకండి. ముందు సిలిండర్‌ని నాలుగు వేళ్లంత కిందికో పైకో జరిపి చూడండి, దాన్ని పట్టుకునే బెల్టుని తడిపి మళ్లీ బిగించండి. పొడిగా ఉన్నప్పుడు బిగించిన నైలాన్ బెల్టు తడిస్తే సాగుతుంది, సగం ఫిర్యాదులు అక్కడే తీరిపోతాయి.