అర్థం కాకపోయినా ‘ఎస్, ఎస్’: విదేశీ ఉద్యోగాల ఇంగ్లీషుపై అపోహలు - వాస్తవాలు

పోయిన వారం గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేశారు. “అమ్మా, మావాడికి కెనడా పీఆర్, అదే శాశ్వత నివాసం, వచ్చింది. రెండు నెలల్లో ప్రయాణం. గ్రామర్ బానే ఉంది, కాస్త యాక్సెంట్ నేర్పి పంపండి. మన యాస వింటే అక్కడ ఉద్యోగాలివ్వరటగా” అన్నారు. ఎవరు చెప్పారండీ అంటే, పొద్దున వాకింగ్‌లో ఎవరో అన్నారట. ఈ వాకింగ్ ట్రాక్ యూనివర్సిటీతో నాకు ఎప్పటినుంచో పడదు.

విజయవాడ పటమటలో నేను చెప్పే క్లాసులకి రెండు రకాల వాళ్ళు వస్తారు. విమానం ఎక్కబోయేవాళ్ళు సాయంత్రం నేరుగా వస్తారు. ఎక్కేసి, అక్కడ ఇబ్బంది పడుతున్నవాళ్ళు మన తెల్లవారుజామున ఆన్‌లైన్‌లో కూర్చుంటారు. మొదటి రకం వాళ్ళు అడిగేది యాక్సెంట్. రెండో రకం ఒక్కరు కూడా దాని ఊసెత్తలేదు.

యాక్సెంట్ సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తా. విదేశాలకి వెళ్ళేవాళ్ళు రాసే ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్‌లో కూడా ఉచ్చారణకి మార్కులు వేసేది మాట ఎంత తేలిగ్గా అర్థమవుతోందని చూసి. తెల్లవాళ్ళలా ఉందా అని కాదు. మనం సరిచేసుకోవాల్సినవి కొన్నే: ‘జూ’ (zoo)లోని z కీ ‘జ్యూస్’ (juice)లోని j కీ తేడా, మాట చివర అలవాటుగా తగిలించే ఉకారం, పదంలో ఏ అక్షరాన్ని ఒత్తాలన్నది. దీనికి వేలకు వేలు పోసి ‘అమెరికన్ యాక్సెంట్ ప్యాకేజీ’ కొనక్కర్లేదు.

ఇక అసలు అపోహ. “మళ్ళీ అడిగితే నాకు ఇంగ్లీషు రాదనుకుంటారు.” ఉద్యోగాలు పోగొట్టేది ఇదే.

నా సంగతే చెబుతా. మావారి పీఆర్ మీద ఆంటారియో వెళ్ళిన మొదటి చలికాలం ఒక గోదాములో ప్యాకింగ్ పనిలో చేరాను. ఇక్కడ బీఈడీ చేసి పిల్లలకి పాఠాలు చెప్పినదాన్ని. సూపర్‌వైజర్ నా బల్ల పక్కగా పోతూ “యూ మైట్ వాంట్ టు చెక్ దోజ్ లేబుల్స్” అన్నాడు. మైట్ అన్నాడు, వాంట్ అన్నాడు, అంటే నాకు కావాలనిపిస్తే చూసుకోవచ్చన్నమాట అనుకున్నా. పైగా ‘దోజ్’ అంటే ఏవో తెలియలేదు. “ఎస్, ఎస్” అని తల ఊపేశాను. సాయంత్రానికి ఒక ప్యాలెట్ (చెక్క పలకల మీద పేర్చిన పెట్టెల లోడు) మొత్తం తప్పు లేబుళ్ళతో వెనక్కి వచ్చింది. ఆయన అరవలేదు. “ఐ డిడ్ మెన్షన్ ఇట్” అని ఊరుకున్నాడు. మరుసటి వారం నా షిఫ్టులు ఐదు నుంచి రెండుకి పడిపోయాయి. ఎందుకో నాకు చాలా రోజులు అర్థం కాలేదు. చలిలో బస్సు కోసం నిలబడి, నా రంగు చూసి తగ్గించారనే ఏడ్చుకున్నా.

ఆయన అన్న ఆ “మైట్ వాంట్ టు” ఆర్డరు. మర్యాదగా చెప్పిన ఆర్డరు. ఇలాంటివి మనకి తెలియనివేం కావు. పెళ్ళిచూపులయ్యాక “ఇంటికెళ్ళి ఫోన్ చేస్తాం” అన్నారంటే అదేమిటో ఆడపిల్ల తండ్రికి ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. అప్పు అడిగితే “చూద్దాంలెండి” అన్నవాడి ఇంటికి మళ్ళీ వెళ్ళం. ఇంగ్లీషులోనూ అలాంటి మాటలే ఉంటాయని మనకి ఏ స్కూల్లోనూ చెప్పలేదు, అంతే.

దానికి తోడు మన తల ఊపుడు. ‘సరే’ అన్నట్టు మనం తలని పక్కలకి ఆడిస్తాం. అది వాళ్ళకి అవునో కాదో తేలదు. తేలనప్పుడు నోటితో ‘ఎస్’ వినిపిస్తే, విషయం అర్థమైందనే లెక్క వేసుకుంటారు.

అంకెల దగ్గర ఇంకా ప్రమాదం. తెలుగులో పదిహేనుకీ యాభైకీ పోలికే లేదు. ఇంగ్లీషులో ఫిఫ్టీన్, ఫిఫ్టీ ఫోన్లో ఒకేలా వినిపిస్తాయి. అందుకే ఆసుపత్రుల్లో డాక్టరు నోటిమాటగా మందు చెబితే నర్సు దాన్ని రాసుకుని తిరిగి చదివి వినిపించాలి, “వన్ ఫైవ్” అని అంకె అంకెగా. అక్కడ పుట్టి పెరిగిన నర్సు కూడా అదే చేస్తుంది. ఆమెకి ఇంగ్లీషు రాదని ఎవరైనా అనుకుంటారా?

కెనడాలో పనిచేసే ప్రతి ఒక్కరికీ మూడు హక్కులుంటాయి: ప్రమాదాల గురించి తెలుసుకునే హక్కు, భద్రత విషయాల్లో పాలుపంచుకునే హక్కు, ప్రమాదకరమైన పనిని నిరాకరించే హక్కు. సేఫ్టీ ట్రైనింగ్‌లో ఏమీ అర్థం కాకుండా ఎస్ అని సంతకం పెట్టి వచ్చామంటే మొదటి హక్కు మన చేతులారా వదులుకున్నట్టే.

ఎలా అడగాలి? “రిపీట్ ప్లీజ్” వద్దు. అదే మాట, అదే స్పీడులో మళ్ళీ పడుతుంది. “ఐ హ్యావ్ ఎ డౌట్” అసలే వద్దు. మన దగ్గర డౌట్ అంటే ప్రశ్న, అక్కడ మీ మాట నేను నమ్మడం లేదన్నట్టు వినిపిస్తుంది. అందిన ముక్కని మీ మాటల్లో తిప్పి చెప్పండి: “సో, ఐ చెక్ ఆల్ ద బ్లూ లేబుల్స్ బిఫోర్ లంచ్, రైట్?” తప్పయితే వాళ్ళే దిద్దుతారు. గ్రామర్ కాస్త అటూ ఇటూ అయినా పట్టించుకోరు.

మిగతావి గబగబా చెప్పేస్తా. వలస వచ్చినవాళ్ళకి అక్కడ పెట్టే ఉచిత ఇంగ్లీషు క్లాసులు చదువురానివాళ్ళకి అనుకుంటారు. కెనడాలో లింక్ పేరుతో 1992 నుంచి ప్రభుత్వం డబ్బుతో నడుస్తున్నాయి, ఆస్ట్రేలియాలో ఏఎంఈపీ 1948 నుంచీ ఉంది. కెనడాలో ముందు పరీక్ష పెట్టి చదవడం, రాయడం, వినడం, మాట్లాడటం నాలుగింటికీ విడివిడిగా లెవెల్ ఇస్తారు. మొత్తం పన్నెండు లెవెల్స్. నాకు చదవడంలో ఎనిమిది, వినడంలో ఐదు వచ్చాయి. ఆ కాగితం చూసి సిగ్గుపడ్డా గానీ, నా జబ్బేమిటో మొదటిసారి తెలిసింది అప్పుడే. ఒక్క విషయం మాత్రం కన్సల్టెన్సీలు చెప్పవు: లింక్ పీఆర్ ఉన్నవాళ్ళకీ, శరణార్థులకీ. స్టూడెంట్ వీసా మీద వెళ్ళినవాళ్ళకి లేదు, సిటిజన్‌షిప్ వచ్చాక కూడా లేదు. “ముందు సెటిలవుదాం, తర్వాత చూద్దాం” అని కెనడా పాస్‌పోర్టు వచ్చేదాకా వాయిదా వేసినవాళ్ళు నాకు తెలుసు.

ఐఈఎల్‌టీఎస్‌లో ఏడు వచ్చింది కాబట్టి పనిలో ఢోకా లేదనేది ఇంకోటి. నర్సులూ డాక్టర్లూ రాసే ఇంగ్లీషు పరీక్ష ఓఈటీలో బి గ్రేడు తెచ్చుకుని బ్రిటన్ వెళ్ళిన మా క్లాసు అమ్మాయి ఒకతె, వార్డులో ముసలావిడ “స్పెండ్ ఎ పెన్నీ” అంటే చిల్లర అడుగుతోందనుకుంది. ఆవిడ అడిగింది బాత్రూమ్‌కి. ఇంట్లో తెలుగు మానేస్తే ఇంగ్లీషు వస్తుందనేవాళ్ళకి నా దగ్గర జవాబు లేదు, ఓపిక కూడా లేదు.

బ్రాడీపేట పెద్దాయన కొడుకు సోమవారం నుంచి వస్తున్నాడు. కుదురైన కుర్రాడు, భయం ఎక్కువ. మొదటిరోజు గబగబా “యువర్ షిఫ్ట్ స్టార్ట్స్ ఎట్ క్వార్టర్ టు సిక్స్, యూజ్ ద సైడ్ డోర్” అన్నాను. “ఎస్ మేడమ్” అన్నాడు. ఎన్నింటికి నాన్నా అంటే ఆరుంపావుకి అన్నాడు. ఏ తలుపు అంటే నవ్వేశాడు. నిన్న అదే వాక్యం మళ్ళీ విసిరితే కాసేపు ఆగి, “క్వార్టర్ టు... ఫైవ్ ఫార్టీఫైవ్, రైట్?” అన్నాడు. తలుపు సంగతి ఇంకా అడగలేదు.