ఫోన్ నిఘా, వ్యక్తిగత గోప్యత: విశాఖలో తరచుగా వినిపించే అపోహలు, వాస్తవాలు

విశాఖపట్నంలో ఫోన్ల మరమ్మతు, పోయిన డేటాను తిరిగి రాబట్టడం నా వృత్తి. స్క్రీన్ మార్పించుకోవడానికి వచ్చినవారు కూడా వెళ్లేముందు గొంతు తగ్గించి, "మా ఫోను ఎవరైనా వింటున్నారేమో కాస్త చూడండి" అని అడుగుతూ ఉంటారు. వారి భయాన్ని నేను తేలికగా తీసుకోను. అయితే ఆ భయం చాలాసార్లు అసలు ప్రమాదం లేని చోట నిలిచిపోయి, ఉన్న చోటును వదిలేస్తోంది.

అపోహ: స్టార్ హ్యాష్ 21 హ్యాష్ నొక్కితే ట్యాపింగ్ ఉందో లేదో తెలిసిపోతుంది. ఫోన్ వేడెక్కినా, మాటల మధ్య చప్పుడు వచ్చినా ఎవరో వింటున్నట్టే.

వాస్తవం: ఆ కోడ్ మీ కాల్స్ వేరే నంబరుకు మళ్లుతున్నాయా అన్నది మాత్రమే చెబుతుంది. ప్రభుత్వ ఉత్తర్వుతో జరిగే ట్యాపింగ్ టెలికాం సంస్థ నెట్‌వర్క్‌లో జరుగుతుంది కనుక మీ చేతిలోని ఫోన్‌పై దాని జాడ ఉండదు, చప్పుడూ ఉండదు. వేడికి కారణం సాధారణంగా పాతబడిన బ్యాటరీ, లేదా వెనుక ఆగకుండా పనిచేస్తున్న యాప్. కాల్ ఫార్వర్డింగ్‌ను మోసగాళ్లు ఓటీపీలు కాజేయడానికి వాడుకుంటారు కాబట్టి ఆ కోడ్‌తో అప్పుడప్పుడు తనిఖీ చేసుకోవడం మాత్రం మంచిదే.

అపోహ: పోలీసులు తలచుకుంటే ఎవరి మాటలైనా వినవచ్చు.

వాస్తవం: చట్ట ప్రకారం కుదరదు. 1996లో పౌర హక్కుల సంస్థ పీయూసీఎల్ వేసిన కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత ఏర్పడిన పద్ధతే, 2023 నాటి టెలికమ్యూనికేషన్ల చట్టం కింద 2024లో వచ్చిన నిబంధనల్లోనూ కొనసాగుతోంది. సాధారణంగా కేంద్ర లేదా రాష్ట్ర హోం శాఖ కార్యదర్శి రాతపూర్వక ఉత్తర్వు ఉండాలి. అది 60 రోజులు చెల్లుతుంది, ఎన్నిసార్లు పొడిగించినా మొత్తం 180 రోజులు దాటకూడదు. కాగితం మీద ఇది బాగానే ఉంది. అయితే ఆ ఉత్తర్వులను సమీక్షించే కమిటీలో ఉండేవారందరూ ప్రభుత్వ కార్యదర్శులే, న్యాయమూర్తి ఒక్కరూ ఉండరు. ఎవరి మాటలు విన్నారో వారికి ఆ సంగతి తరువాతైనా తెలియజేయరు. ఈ లోపం చిన్నదని నేననుకోను. హైదరాబాద్‌లో 2024 మార్చిలో నమోదైన ఫోన్ ట్యాపింగ్ కేసులోని ఆరోపణలు న్యాయస్థానంలో ఎలా తేలినా, నిబంధన ఉన్నంత మాత్రాన దుర్వినియోగం ఆగుతుందన్న భరోసా లేదన్న చర్చ మన ఇళ్లలోకి వచ్చింది.

అపోహ: నా మాటలు వినకపోతే నా గోప్యతకు ఢోకా లేదు.

వాస్తవం: మిగతా అపోహలన్నిటికన్నా దీనివల్లే ఎక్కువ నష్టం. ఎవరికి ఫోన్ చేశారు, ఎంతసేపు మాట్లాడారు, ఆ సమయంలో ఏ టవర్ పరిధిలో ఉన్నారు అన్న వివరాలను టెలికాం సంస్థలు కనీసం రెండేళ్లు భద్రపరచాలి. వీటికి హోం శాఖ కార్యదర్శి ఉత్తర్వు అక్కర్లేదు. దర్యాప్తులో ఎస్పీ లేదా డీసీపీ స్థాయి అధికారి ద్వారా వెళ్లే అభ్యర్థన చాలు. ఒక వ్యక్తి నెల రోజులుగా ప్రతి మంగళవారం ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్ పరిసరాల్లోని టవర్ పరిధిలో ఉండి, అక్కడి నుంచి ఒకే వైద్యుని నంబరుకు ఫోన్ చేశాడంటే, అతని జబ్బు గురించి ఒక్క మాట వినకుండానే ఎంతో ఊహించవచ్చు. జీపీఎస్ ఆపితే ఎవరికీ కనిపించమన్న నమ్మకం కూడా సరికాదు, ఎందుకంటే సిమ్ పనిచేస్తున్నంతసేపు టవర్‌కు మీ ఉనికి తెలుస్తూనే ఉంటుంది.

అపోహ: వాట్సాప్‌లో మూడో టిక్ వస్తే ప్రభుత్వం ఆ సందేశం చదివినట్టు.

వాస్తవం: అలాంటి టిక్ లేదు. ఈ ప్రచారం అబద్ధమని కేంద్ర ప్రభుత్వ పత్రికా సమాచార కార్యాలయం పలుమార్లు ఖండించింది. 2016 నుంచి వాట్సాప్ సందేశాలకు ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉంది. అంటించిన కవరులోని ఉత్తరంలా లోపలి విషయం దారిలో ఎవరికీ తెలియదు గానీ, ఎవరు ఎవరికి ఎప్పుడు పంపారన్నది సంస్థకు తెలుస్తుంది. ఇక బ్యాకప్‌కు ఎన్‌క్రిప్షన్ మీరే సెట్టింగ్స్‌లో పెట్టుకోవాలి. తమ సందేశాలు ఎవరో చదువుతున్నారని నా దగ్గరకు వచ్చినవారి ఫోన్లలో ఎక్కువగా కనిపించింది ప్రభుత్వ నిఘా కాదు, లింక్డ్ డివైసెస్ (మీ వాట్సాప్‌కు జతచేసిన పరికరాలు) జాబితాలో ఉండిపోయిన ఇంట్లోవారిదో ఆఫీసుదో కంప్యూటర్. ముందు ఆ జాబితా చూసుకోండి.

అపోహ: నిఘా అంటే ఖరీదైన యంత్రాలు కావాలి.

వాస్తవం: ఈ నగరానికి 2019 డిసెంబరు గుర్తుండే ఉంటుంది. ఆపరేషన్ డాల్ఫిన్స్ నోస్ పేరుతో బయటపడిన గూఢచర్యం కేసులో ఏడుగురు నౌకాదళ సిబ్బంది అరెస్టయ్యారు. ఫేస్‌బుక్‌లో పరిచయాలు పెంచుకొని వారిని వలలో వేసుకున్నారన్నది ఆరోపణ. ఆ నెలలోనే నౌకాదళం తన స్థావరాల్లో, నౌకల్లో స్మార్ట్‌ఫోన్లను నిషేధించింది. ఇంటి సీసీ కెమెరాలదీ ఇంచుమించు ఇదే సంగతి: 2016లో మిరాయ్ అనే వైరస్ లక్షలాది పరికరాలను లోబరచుకున్నది ఎవరూ మార్చని ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌ల ద్వారానే.

అపోహ: తప్పు చేయనివారికి దాచుకోవలసింది ఏమీ ఉండదు.

వాస్తవం: గోప్యత రాజ్యాంగంలోని 21వ అధికరణం కింద ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం పుట్టస్వామి కేసులో ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. ఆ హక్కు వాడుకోవడానికి కారణం చెప్పుకోవలసిన పని లేదు.

అపోహ: వీడియో కాల్‌లో పోలీసు యూనిఫాం కనిపిస్తే అది నిజమైన విచారణే.

వాస్తవం: వీడియో కాల్‌లోనే అరెస్టు చేశామని బెదిరించే ఈ డిజిటల్ అరెస్టు అన్నది మన చట్టాల్లో ఎక్కడా లేదు. ఉక్కు కర్మాగారం, పోర్టు వంటి సంస్థల్లో పదవీ విరమణ చేసినవారు ఎందరో ఉన్న ఈ నగరంలో, "మీ ఫోన్‌పై నిఘా ఉంది, కదలకండి" అన్న ఒక్క మాటతో జీవితకాలపు పొదుపును లాక్కోవాలని చూసేవారు ఆ నిఘా భయాన్నే ఆసరా చేసుకుంటారు. అటువంటి ఫోన్ వస్తే వెంటనే పెట్టేసి, ఇంట్లోవారికి చెప్పండి. డబ్బు ఇప్పటికే పంపి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయండి.