డౌడింగ్‌ను ఎందుకు తప్పించారు?

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ విమాన దాడులను తిప్పికొట్టిన బ్రిటన్ గగనతల యుద్ధం ప్రస్తావన వస్తే ఈ ప్రశ్న వెంటే వస్తుంది. 1940 అక్టోబరు 31తో ఆ యుద్ధం ముగిసిందంటారు. నెల తిరక్కుండానే, దాన్ని గెలిపించిన ఎయిర్ చీఫ్ మార్షల్ హ్యూ డౌడింగ్ చేతిలోంచి ఫైటర్ కమాండ్, అంటే బ్రిటిష్ యుద్ధ విమానాల విభాగం, జారిపోయింది.

పైవాళ్లతో ఆయనకు పడకపోవడం కొత్త కాదు. 1916లో సోమ్ పోరులో అలసిపోయిన తన పైలట్లకు విశ్రాంతి ఇవ్వాలని పట్టుబట్టి పై అధికారి ట్రెంచార్డ్ ఆగ్రహానికి గురయ్యారు. ఇంగ్లండ్‌కు తిప్పి పంపేశారు.

1936 జులైలో ఫైటర్ కమాండ్‌కు తొలి అధిపతి అయ్యాక దాని ప్రధాన కార్యాలయం బెంట్లీ ప్రయరీలో ఆయన నిర్మించిన వ్యవస్థే అసలు ఆయుధం. తీరంలోని రాడార్ కేంద్రాలు శత్రు విమానాల జాడను ఫోనులో చెప్పేవి. వచ్చిన కబుర్లను అక్కడ సరిచూసేవారు. పెద్ద బల్ల మీద పరచిన పటం చుట్టూ నిలబడి యువతులు పొడవాటి కర్రలతో బిళ్లలను జరిపేవారు. ఆ బిళ్లలను చూసే ఏ స్క్వాడ్రన్ ఎప్పుడు లేవాలో తేల్చేవారు. ఆకాశంలో ఊరికే కాపలా తిరిగి ఇంధనాన్ని, మనుషులను అరగదీసుకునే అవసరం తప్పింది.

ఫ్రాన్స్ కూలిపోతుంటే మరిన్ని హరికేన్ యుద్ధ విమానాలు పంపమని ఒత్తిడి వచ్చింది. 1940 మే 16న ఆయన వైమానిక శాఖకు రాసిన లేఖలో లెక్క సూటిగా ఉంది: దేశ రక్షణకు 52 స్క్వాడ్రన్లు కావాలని మీరే అన్నారు, నా దగ్గర మిగిలింది 36. ఇలాగే పంపుతూ పోతే బ్రిటన్‌కూ కోలుకోలేని ఓటమి తప్పదని హెచ్చరించారు. ఆ తర్వాతి పోరులో 544 మంది ఫైటర్ కమాండ్ పైలట్లు, విమాన సిబ్బంది చనిపోయారు. ఆయన కన్నకొడుకు కూడా ఆ పోరులో పాల్గొన్న పైలటే.

తప్పు ఆయన వైపూ లేకపోలేదు. ఆయన కింది దళాధిపతుల్లో పెద్ద దండుగా ఒక్కసారే దాడి చేయాలన్న లీ-మాలరీకి, చిన్న బృందాలనే నమ్మిన కీత్ పార్క్‌కు మధ్య గొడవ ముదురుతుంటే సకాలంలో కలగజేసుకోలేదు. అక్టోబరు 17న వైమానిక శాఖ సమావేశంలో పార్క్, డౌడింగ్ ఇద్దరూ సంజాయిషీ ఇచ్చుకోవలసిన స్థితిలో పడ్డారు. పైగా రాత్రి బాంబు దాడులను ఆపలేకపోతున్నారన్న నింద. చీకట్లో శత్రువును పసిగట్టేందుకు విమానాల్లో అమర్చే రాడార్ అప్పటికి ఇంకా కుదురుకోలేదు. దానికి ఒక మనిషిని బాధ్యుణ్ణి చేయడం అన్యాయమే. నవంబరులో షోల్టో డగ్లస్ ఆ స్థానంలోకి వచ్చారు.

1941లో ప్రభుత్వం ఆ యుద్ధంపై వేసిన చిన్న పుస్తకంలో డౌడింగ్ పేరే లేదు. అది చూసి చర్చిల్ మండిపడ్డారు. 1943లో బారన్ బిరుదు దక్కింది. వైమానిక దళంలో అత్యున్నతమైన మార్షల్ హోదా మాత్రం 1970లో కన్నుమూసే దాకా ఇవ్వలేదు.