చెట్టును ఉంచి ఇల్లు కట్టడం: అపోహలు, వాస్తవాలు

అనంతపురంలో ఇళ్లకు ప్లాన్లు గీస్తుంటాను. స్థలంలో వేపచెట్టు ఉంటే చాలామంది మొదట అడిగేది దాన్ని ఎప్పుడు కొట్టించాలనే.

అపోహ: వేర్లు పునాదిని పగలగొడతాయి.

అది నేలను బట్టి ఉంటుంది. మన ఎర్రనేలలో సరిగ్గా వేసిన పునాదికి వేపతో అంత భయం లేదు. కర్నూలు వైపు నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. వేర్లు అక్కడి తేమను పీల్చేస్తే పునాది ఒక పక్కకు కుంగవచ్చు. అలాగని పెద్ద చెట్టు కొట్టి వెంటనే కట్టినా ముప్పే, నేల మళ్లీ తేమ పట్టి ఉబ్బుతుంది. అక్కడ పైల్ పునాది (నేలలోకి లోతుగా దింపిన స్తంభాల మీద నిలిచే పునాది) గురించి ఇంజనీరును అడగండి. రావి, మర్రి గోడ బీటల్లో మొలిస్తే మాత్రం ఉపేక్షించకూడదు.

అపోహ: మానును ముట్టుకోకపోతే చెట్టు బతికినట్టే.

నేనూ ఇలాగే నమ్మాను. తొలినాళ్లలో ఒక వేప చుట్టూ మట్టి ఎత్తు చేయించి, అరుగు కట్టించాను. గృహప్రవేశం నాటికి పచ్చగానే ఉంది. మూడో వేసవికి నిలువునా ఎండిపోయింది. ఆ తప్పు నాదే. నీరు పీల్చే సన్నవేర్లు చాలావరకు పై రెండడుగుల మట్టిలోనే, కొమ్మల నీడను దాటి కూడా పాకి ఉంటాయి. వాటి మీద మట్టి పోసినా, కంకర లారీ తిరిగినా వేర్లకు గాలి ఆడదు.

అందుకే ఇప్పుడు ముగ్గు పోయకముందే కంచె వేయిస్తాను. ఛాతీ ఎత్తులో మాను చుట్టుకొలతకు సుమారు నాలుగు రెట్ల దూరం వదలాలి: 3 అడుగుల చుట్టుకొలత ఉంటే అన్ని వైపులా 12 అడుగులు. ఆ గిరిలో ఇసుక కుప్ప, సిమెంటు కలపడం ఏదీ కూడదు. గోడ అటే రావాల్సి వస్తే పొడవునా కందకం తవ్వించను. వేర్లు తప్పించి చేత్తో గుంతలు తీయించి, పిల్లర్లు లేపి, గోడను మోసే ప్లింత్ బీమును నేలకు పైనే ఉంచుతాను. నడిచే చోట కడప బండలను సిమెంటు లేకుండా ఇసుక మీద, సందులు వదిలి పరిపిస్తాను. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లాలో ఆ చినుకులు వేళ్లకు చేరాలి.

అపోహ: వేప ఆకులతో చెత్త తప్ప లాభం లేదు.

రాలేది కొద్ది వారాలే. ఉగాదికి చిగురు, పూత. ఎండలు ముదిరేసరికి నిండు నీడ. పడమటి గోడకు అంతకు మించిన రక్షణ నాకు తెలియదు.

అపోహ: సొంత స్థలం, అడిగేదెవరు?

2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం అడుగుతుంది. కొన్ని జాతులకు తప్ప, చెట్టు కొట్టాలంటే ముందే అనుమతి కావాలి.

ప్లాను గీయించడానికి వెళ్లేటప్పుడు స్థలం కొలతలతో పాటు మాను చుట్టుకొలత, కొమ్మలు పరుచుకున్న దూరం కూడా రాసుకుని వెళ్లండి.