రెండు ఓడలూ ఒకటే అనుకునే ముందు: కుటుంబంతో క్రూజు ప్రయాణం – అపోహలు, వాస్తవాలు

అనంతపురంలో సప్తగిరి సర్కిల్‌కు దగ్గరగా ఉన్న మా ట్రావెల్స్ ఆఫీసుకు జనవరి నుంచి ఏప్రిల్ దాకా వచ్చే కుటుంబాలలో చాలామంది ఫోనులో రెండు ఓడల ఫొటోలు పెట్టుకుని వస్తారు. రెండింటిలోనూ స్విమ్మింగ్ పూల్, నీటి జారుడుబల్లలు, థియేటర్, లెక్కలేనన్ని భోజనశాలలు ఉంటాయి. రెండూ సింగపూరులో బయలుదేరి మూడు నాలుగు రాత్రుల తర్వాత సింగపూరుకే తిరిగి వస్తాయి. ధరలో తేడా తలకు మూడు నాలుగు వేలకు మించదు. "రెండూ ఒకటే కదన్నా, తక్కువది బుక్ చేసేయండి" అంటారు. సముద్రమే లేని జిల్లా మనది. చాలా ఇళ్లలో ఓడ ఎక్కడం ఇదే మొదటిసారి, అందులోనూ అవ్వా తాతలతో, చంటిపిల్లలతో కలిసి ఎక్కుతారు. పద్నాలుగేళ్లుగా ఈ పని చేస్తూ నేను గమనించింది ఏమిటంటే, ఒకలాంటి రెండు ఓడల మధ్య ఉండే తేడా కన్నా, ఒకే ఓడలోని రెండు గదుల మధ్య, ఒకే ఓడ చేసే రెండు ప్రయాణాల మధ్య ఉండే తేడా చాలా ఎక్కువ. కుటుంబాలు సరిగ్గా ఆ తేడానే చూడకుండా వదిలేస్తున్నాయి.

అపోహ: ఒకే తరగతి ఓడలు కాబట్టి ఏది ఎక్కినా ఒకటే.

వాస్తవం: ఒకే నమూనాతో కట్టిన వాటిని ఈ రంగంలో సిస్టర్ షిప్‌లు అంటారు. రాయల్ కరీబియన్ సంస్థకు చెందిన క్వాంటమ్ ఆఫ్ ద సీస్ 2014లోనూ, ఆంథమ్ ఆఫ్ ద సీస్ 2015లోనూ వచ్చాయి. ఈ రెండింటి స్థూల టన్నేజీ, అంటే ఓడ పరిమాణాన్ని చెప్పే సంఖ్య, కూడా ఒకటే, 1,68,666. 2019లో వచ్చిన స్పెక్ట్రమ్ ఆఫ్ ద సీస్ కూడా ఆ కుదురులోదే, కానీ దానిని ఆసియా ప్రయాణికులను దృష్టిలో పెట్టుకుని మార్పులతో కట్టారు. ఓడల మధ్య పోలిక ఇంతవరకు నిజమే. అయితే మీరు డబ్బు కడుతున్నది ఓడ ఒక్కదానికే కాదు, అది ఆగే రేవులకు కూడా.

మలేసియాలో ఆగే రెండు రేవులను తీసుకుందాం. పోర్ట్ క్లాంగ్‌లో ఆగే ఓడను చూసి "కౌలాలంపూర్ చూడవచ్చు" అని సంబరపడతారు గానీ, ఆ రేవు నుంచి నగరం రోడ్డు మీద గంటకు పైబడిన దారి. రానూపోనూ పోగా జంట గోపురాల ముందు ఫొటో దిగడానికీ, ఒక పూట భోజనానికీ మాత్రమే సమయం మిగులుతుంది. అదే పెనాంగ్‌లో అయితే ఓడ స్వెట్టెన్‌హామ్ పియర్ దగ్గర, జార్జ్‌టౌన్ నగరానికి ఆనుకునే నిలుస్తుంది. అక్కడి నుంచి లిటిల్ ఇండియా వీధులకూ, 1833 నాటి మహామారియమ్మన్ గుడికీ నడిచి వెళ్లవచ్చు. మోకాళ్ల నొప్పులున్న అవ్వ బస్సులో రెండు గంటలకు పైగా కూర్చోవలసిన అవసరం ఉండదు.

ఇంకొక మాట. అన్ని రేవుల్లోనూ ఓడ గట్టుకు చేరదు. ఫుకెట్‌కు వెళ్లే పెద్ద ఓడలు చాలాసార్లు పటాంగ్ తీరానికి ఎదురుగా లంగరు వేసి, చిన్న పడవల్లో ప్రయాణికులను ఒడ్డుకు చేరుస్తాయి. మన లక్షద్వీపాల దగ్గర పెద్ద ఓడలు చేసేదీ అదే. ఊగుతున్న పడవలోకి అడుగు పెట్టడం నలభై ఏళ్లవారికి వేడుకగా ఉండవచ్చు గానీ, డెబ్బై ఏళ్లవారికి అది భయం. చక్రాల కుర్చీ మీద ఉన్నవారిని చాలా సందర్భాల్లో ఆ పడవల్లోకి అనుమతించరు. గాలి పెరిగితే ఆ రేవునే రద్దు చేస్తారు. అందుకే రెండు ఓడల మధ్య ఎటూ తేలనప్పుడు నేను ముందుగా అడిగేది, మీ ఇంట్లో అందరికన్నా తక్కువ నడవగలిగేది ఎవరు అని. వారికి ఏ ప్రయాణం సులువో అదే తీసుకోమంటాను.

అపోహ: ఎక్కువ టన్నుల ఓడలో ఎక్కువ చోటు ఉంటుంది.

వాస్తవం: స్థూల టన్నేజీ బరువు కాదు. 1969లో లండన్‌లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం అది ఓడ లోపల గోడలూ కప్పూ ఉన్న మొత్తం స్థలపు ఘనపరిమాణాన్ని బట్టి లెక్కగట్టే సంఖ్య. ఆ చోటును ఎంతమంది పంచుకుంటారో తెలియకుండా ఆ సంఖ్య ఒక్కటే ఏమీ చెప్పదు. కాబట్టి టన్నేజీని, గదికి ఇద్దరి చొప్పున లెక్కవేసిన ప్రయాణికుల సంఖ్యతో భాగించి చూడాలి. క్వాంటమ్‌కు ఆ లెక్కన 4,180 మంది, భాగిస్తే సుమారు 40 వస్తుంది. సింగపూరు నుంచే నడిచే గెంటింగ్ డ్రీమ్ టన్నేజీ 1,50,695 మాత్రమే, కానీ గదికి ఇద్దరి చొప్పున 3,352 మందే కాబట్టి దాదాపు 45 వస్తుంది. అంటే చిన్న ఓడలోనే మనిషికి ఎక్కువ చోటు.

ఈ లెక్కకూ ఒక హద్దు ఉంది. సెలవుల్లో ఒక్కొక్క గదిలో ముగ్గురు నలుగురు ఉంటారు. అదే క్వాంటమ్ పూర్తిగా నిండితే 4,905 మంది ఎక్కుతారు, అప్పుడు మన 40 కాస్తా 34కు పడిపోతుంది. కాబట్టి ఏ ఓడ అన్నదానితో పాటు ఏ వారం అన్నది కూడా చూడాలి. మన బడులకు ఏప్రిల్ చివర్లో సెలవులిచ్చి జూన్ రెండో వారంలో తెరుస్తారు. సింగపూరు బడులకు ఏడాది నడుమ సెలవులు జూన్‌లో వస్తాయి. మే మొదటి పక్షంలో బయలుదేరితే మన పిల్లలకు సెలవులు ఉంటాయి, అక్కడి పిల్లలు ఇంకా బడుల్లోనే ఉంటారు. జారుడుబల్ల దగ్గర వరుస ఎంత పొడవుంటుందన్నది చాలావరకు ఇక్కడే తేలిపోతుంది.

అపోహ: పై అంతస్తు గది అంటే మంచి గది.

వాస్తవం: ఈ అపోహ నాకూ ఉండేది. కొన్నేళ్ల కిందట ధర్మవరం నుంచి వచ్చిన ఒక పట్టుచీరల వ్యాపారి కుటుంబానికి, అందులోనూ ఏడాదిన్నర పాప ఉన్న ఇంటికి, అదే ధరకు దొరుకుతోంది కదా అని పై అంతస్తులో బాల్కనీ గది తీసి ఇచ్చాను. ఆ గదికి సరిగ్గా పైన పూల్ డెక్ ఉంది. తెల్లవారుజామున ఐదు గంటలకే సిబ్బంది కుర్చీలు లాగి సర్దడం మొదలుపెట్టేవారట, రాత్రి పదకొండు దాకా పాటలు మోగేవట. మూడు రాత్రులూ ఆ పాప నిద్రపోలేదు, తల్లీ నిద్రపోలేదు. తిరిగొచ్చాక ఆ తల్లి నన్ను ఒక్క మాటా అనలేదు గానీ, ఆమె ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ తప్పు ఓడది కాదు, డెక్ ప్లాన్ సరిగా చూడని నాది.

అప్పటి నుంచి ప్రతి బుకింగుకూ మూడు అంతస్తుల ప్లాన్లను ఒకే కొలతలో ముద్రించుకుంటాను. గది ఉన్న అంతస్తు కాగితం మీద పై అంతస్తు కాగితాన్ని, కింద దాని కింది అంతస్తు కాగితాన్ని అంచులు కలిసేలా పెట్టి, ఆఫీసు కిటికీ అద్దానికి ఆనించి పట్టుకుంటాను. వెలుతురు వెనక నుంచి పడగానే గది గీతల మీద పైన ఏముందో, కింద ఏముందో కనబడుతుంది. పైనా కిందా కూడా నిద్రపోయే గదులే ఉంటే అది మంచి గది. పూల్, వంటశాల, డ్యాన్సు హాలు, పిల్లల ఆటస్థలం కనబడితే ఆ గదిని వదిలేస్తాను. ప్లాన్‌లో ఏ పేరూ లేకుండా ఖాళీగా తెల్లగా కనిపించే చోట్లను కూడా అనుమానించాలి, అవి తరచుగా సిబ్బంది సామాను బళ్లు తిప్పే చోట్లు.

పక్కపక్క గదులు కావాలనుకునేవారు వరుస సంఖ్యలు అడుగుతారు. చాలా ఓడల్లో సరి సంఖ్యలు ఒక పక్కన, బేసి సంఖ్యలు మరో పక్కన ఉంటాయి. 8240, 8241 అని రెండు గదులు తీసుకుంటే, అవి ఓడకు ఆ వైపున ఒకటి, ఈ వైపున ఒకటి రావచ్చు. అవ్వా తాతల గదికీ మీ గదికీ నడుమ తలుపు కావాలంటే, ప్లాన్‌లో రెండు గదుల మధ్య గోడ మీద ఆ గుర్తు ఉందో లేదో చూసి కనెక్టింగ్ గదులే అడగాలి. నలుగురు పట్టే గది అన్నంత మాత్రాన నాలుగు మంచాలు ఉంటాయనీ అనుకోకూడదు. మూడోదీ నాలుగోదీ చాలావరకు గోడ నుంచో పైకప్పు నుంచో దించే మడత మంచాలు, వాటికి నిచ్చెన ఎక్కాలి. పిల్లలకు అవి సంతోషమే, తాతగారికి మాత్రం కాదు.

అపోహ: పెద్ద ఓడలో కడుపులో తిప్పదు.

వాస్తవం: పెద్ద ఓడల పక్కల నీటి అడుగున చాపరెక్కల వంటి స్టెబిలైజర్లు ఉంటాయి. అవి పక్కలకు ఊగడాన్ని బాగా తగ్గిస్తాయి, కానీ ముందుకూ వెనక్కూ లేచిపడే కదలికను ఆపలేవు. ఆ కదలిక ఓడ ముందు కొసలో, వెనక కొసలో ఎక్కువగానూ, నడుమ భాగంలో కింది అంతస్తుల్లో తక్కువగానూ తెలుస్తుంది. బస్సులో కదిరి ఘాటు ఎక్కితేనే వాంతి చేసుకునే మనిషి ఇంట్లో ఉంటే, బాల్కనీకి పెట్టే డబ్బును నడుమ గదికి పెట్టమంటాను. ఏ సముద్రం మీద వెళ్తున్నామన్నది అంతకన్నా ముఖ్యం. సింగపూరు నుంచి పెనాంగ్, ఫుకెట్ వైపు వెళ్లే దారి మలక్కా జలసంధిలో సాగుతుంది, ఒక పక్క సుమత్రా, మరో పక్క మలయా ద్వీపకల్పం అడ్డుగా ఉండడం వల్ల అక్కడ అలలు చిన్నవి. అదే ఓడ డిసెంబరులో వియత్నాం వైపు వెళ్తే ఈశాన్య రుతుపవనాల గాలికి దక్షిణ చైనా సముద్రంలో ఊగుడు ఎక్కువగా ఉంటుంది. అరేబియా సముద్రం జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఉధృతంగా ఉంటుంది. కార్డీలియా అనే భారతీయ క్రూజు సంస్థ తన ఎంప్రెస్ ఓడను 2022 జూన్‌లో బంగాళాఖాతం వైపున ఉన్న మన విశాఖ, చెన్నై రేవుల నుంచి నడిపింది కూడా ఆ కాలంలోనే.

అపోహ: పాత ఓడ అంటే ప్రమాదం.

వాస్తవం: ఇందాక చెప్పిన ఎంప్రెస్ 1990లో కట్టిన ఓడ. వయసు వల్ల దానిలో గదులూ స్నానాలగదులూ ఇరుకు, జారుడుబల్లలు తక్కువ; కానీ భద్రతకు కొలత వయసు కాదు. ప్రయాణికుల ఓడల అడుగుభాగాన్ని క్రమం తప్పకుండా తనిఖీ చేయించి తీరాలి. 2012 జనవరిలో ఇటలీ తీరంలో మునిగిన కోస్టా కాంకార్డియా ప్రయాణాలు మొదలుపెట్టి అప్పటికి ఆరేళ్లు కూడా నిండలేదు. ఆ దుర్ఘటన తర్వాతే, ఓడ బయలుదేరకముందో బయలుదేరిన వెంటనేనో అత్యవసర కసరత్తు జరిపి తీరాలన్న నియమం 2015 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. ఆ కసరత్తును తప్పించుకోవద్దు, పిల్లలను వెంటబెట్టుకుని వెళ్లండి.

అపోహ: టికెట్టులోనే అన్నీ వస్తాయి, కాబట్టి టికెట్టు ధరలు పోల్చితే చాలు.

వాస్తవం: ప్రకటనలో కనిపించే ధర సాధారణంగా గదికి ఇద్దరి లెక్కన మనిషికి పడే ధర. దాని మీద రేవు రుసుములు, రోజుకు మనిషికి ఇంత అని పిల్లలకూ కలిపి వేసే టిప్పులు, వైఫై, ప్రత్యేక భోజనశాలలు కలుస్తాయి. ఒక ఓడ ప్రకటనలో టిప్పులు కలిపి ఉండవచ్చు, మరో ఓడ ప్రకటనలో విడిగా ఉండవచ్చు. గెంటింగ్ డ్రీమ్‌లో ఖర్చులు సింగపూరు డాలర్లలో, రాయల్ కరీబియన్ ఓడల్లో అమెరికా డాలర్లలో పడతాయి, ఆ తేడాను కూడా రూపాయల్లోకి మార్చి చూడాలి. రెండింటికీ ఇంటిల్లిపాదికీ చివరి మొత్తం రాయించుకుని పక్కపక్కన పెట్టి చూస్తే, చవకగా కనిపించిన ఓడ ఖరీదైనదిగా తేలడం నేను చాలాసార్లు చూశాను. విదేశీ టూరు ప్యాకేజీ మీద పట్టే టీసీఎస్ (అమ్మేటప్పుడే ముందుగా వసూలు చేసే ఆదాయపు పన్ను) మాత్రం పోయిన డబ్బు కాదు, మీ పాన్ మీద జమ అవుతుంది. ఆదాయపు పన్ను రిటర్నులో దానిని సర్దుబాటు చేసుకోవచ్చు.

అపోహ: పిల్లలను క్లబ్బులో వదిలేసి మనం హాయిగా తిరగవచ్చు.

వాస్తవం: చాలా సంస్థలు మూడేళ్లు నిండి, డైపర్ మానేసిన పిల్లలనే క్లబ్బులో చేర్చుకుంటాయి. డైపర్ వేసుకునే పిల్లలను పెద్ద పూల్‌లోకి కూడా దించనివ్వరు. ఆరు నెలలు నిండని పసిపిల్లలను చాలా ఓడలు ఎక్కించుకోవు. గర్భిణుల విషయంలో ఇరవై నాలుగో వారం దగ్గర గీత గీసే సంస్థలు ఎక్కువ. ఆ లెక్క ఎక్కే రోజుకు కాదు, దిగే రోజుకు చూసుకోవాలి.

అపోహ: తిండికి ఇబ్బంది ఉంటుంది, రైస్ కుక్కర్ పెట్టుకుంటే సరి.

వాస్తవం: రైస్ కుక్కర్, కెటిల్, ఇస్త్రీపెట్టె వంటి వేడెక్కే వస్తువులను ఓడ ఎక్కేటప్పుడే తీసి పక్కన పెట్టేస్తారు, అగ్నిప్రమాద భయం అటువంటిది. సింగపూరు నుంచి నడిచే ఓడల్లో భారతీయ శాకాహారం దొరుకుతుంది. జైన భోజనం కావాలంటే బుకింగు నాడే రాయించాలి. ఉగ్గాని, సంగటి అక్కడ ఉండవు, కానీ అన్నం, పప్పు, పెరుగు ఉంటాయి. ఇంట్లో చేసిన వంటకాలను లోపలికి రానివ్వకపోవచ్చు, సీలు వేసిన పొడి ప్యాకెట్లకు సాధారణంగా అభ్యంతరం ఉండదు.

అపోహ: సింగపూరులో ఎక్కి సింగపూరులోనే దిగుతాం, ఒకసారి ప్రవేశానికి వీసా ఉంటే చాలు.

వాస్తవం: ఓడ మలేసియాలోనో థాయ్‌లాండ్‌లోనో ఆగితే, మీరు సింగపూరు విడిచి వెళ్లి మళ్లీ వచ్చినట్టే. మళ్లీ ప్రవేశించడానికి వీలున్న వీసా కావాలి, పాస్‌పోర్టుకు ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. ఇక్కడి నుంచి బెంగళూరు విమానాశ్రయం మూడు గంటల దారే, సింగపూరుకు విమానం నాలుగున్నర గంటలే. అయినా ఓడ ఎక్కే రోజు ఉదయం దిగేలా టికెట్టు తీయవద్దు, ఒక రోజు ముందే చేరండి. విమానం ఆలస్యమైందని ఓడ ఆగదు.

అపోహ: ఇప్పుడు ముగ్గురికి బుక్ చేసి, అత్తగారు వస్తానంటే తర్వాత చేర్చుకోవచ్చు.

వాస్తవం: ఓడలో ప్రతి గదికీ ఒక అత్యవసర సమావేశ స్థలం, ఒక లైఫ్‌బోటు కేటాయించి ఉంటాయి. ఆ స్థలానికి ఇంతమందే అన్న లెక్క నిండిపోతే, మీ గదిలో నాలుగో మంచం ఖాళీగా ఉన్నా నాలుగో మనిషిని చేర్చరు. ఓడ రెండో కొసన వేరే గదులు ఖాళీగా ఉన్నా సరే, మీ గదికి మాత్రం కుదరదంటారు. వేసవి సెలవుల ప్రయాణాల్లో ఈ లెక్క గదుల కన్నా ముందే నిండిపోతుంది. అందుకే రాకపోవచ్చు అనుకునే మనిషి పేరు కూడా మొదటి రోజే చేర్చి, డబ్బు వాపసు వచ్చే గడువు ఎప్పటిదాకా ఉందో అడిగి రాసుకుని, ఆ తేదీకి ఒక వారం ముందు మిమ్మల్ని నేనే ఫోను చేసి అడుగుతాను.